చేపకు తల్లి పోసిన చలికాలం

"చేపలకు మేతెయ్యి, మరుస్తవ్."

"ఏస్త తియ్. నువ్వైతే పో."

మా ఇంటాయనా నేనూ చివరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. ఇంకేదైనా మంచి మాట ఉంటే బాగుండేదని చాలాసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు. కూరగాయలకని మోపెడ్ మీద పోయినవాడు హైవే దాటలేదు. (బయలుదేరేవాళ్లను "పోయిరా" అనాలి గాని "పో" అనగూడదని మా అమ్మ చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో. మోచేతుల దాకా ఇడ్లీ పిండి ఉన్నప్పుడు అమ్మ చెప్పినవి ఎవరికి గుర్తుంటాయి?)

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, ఇరవై దాటి రెండు మూడేళ్లయిన ఆడమనిషి తనకు లోకమంతా తెలుసుననే అనుకునేది. నేనూ అంతే. ఇది రాస్తున్నది మా అక్క బిడ్డ. నాకు సంతకం దాకా వచ్చు, దాని తర్వాత దారి తెలియదు. నేను నోటికొచ్చినట్టు చెప్తుంటే అది పుస్తకం భాషలోకి వంచి రాస్తోంది. మనుషులు మాట్లాడిన మాటలను మాత్రం వంచొద్దని చెప్పాను. వంచితే అవి వాళ్ల మాటలు కావు. సరే, మాకు కొత్తకోటలో హైవే పక్కన ఒక టిఫిన్ హోటలు ఉండేది. ముందు రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. వెనక పొయ్యి, గ్రైండరు, ఒక చిన్న గది. ఆ గదిలోనే మా సంసారం. మా ఇంటాయన ఒకసారి బెంగుళూరు దారిలో ఏదో పెద్ద హోటల్లో గాజు తొట్టిలో చేపలు ఈదడం చూసి వచ్చాడు. చేపలను చూస్తూ కూర్చున్నవాడు ఇంకో చాయ్ అడుగుతాడని ఆయన నమ్మకం. వారం తిరగకుండానే తొట్టి తెచ్చి గల్లా పక్కన పెట్టాడు. చాయ్ ఎవరూ ఎక్కువ అడగలేదు గాని, "ఏమన్నా, గీ ఎర్ర చేప ఫ్రై ఎంత?" అని మాత్రం అడిగారు. ఆయనకు కోపం వచ్చేది. వాటిలో పెద్దది నారింజ రంగుది, రెండు బుగ్గలూ గాలి పట్టినట్టు ఉండేవి. దానికి బుగ్గోడు అని పేరు పెట్టాడు. ఇంకా రెండు చిన్న ఎర్రవి ఉండేవి, వాటికి పేర్లు లేవు.

ఆయన పోయాక దినాలయ్యేదాకా ఇంటి నిండా మనుషులే. దినాలయ్యాయి. మనుషులూ అయిపోయారు. హోటలు మూస్తే తినేదేముంది? మా మరిది వచ్చి గల్లా మీద కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, నా మొహం చూసి మాట్లాడలేక గ్రైండరు వైపు చూస్తూ చెప్పాడు.

"వదినా, పొద్దుగాల గిరాకి మొదలైనంక నువ్వు ముందటికి రాకు. నాకైతే పట్టింపు లేదు. లారోళ్లకు ఉంటది. దూరం పోయేటోళ్లు గద."

సరేనన్నాను. పిండి రుబ్బడం, చట్నీకి పోపు పెట్టడం, పూరీలు కాల్చడం, అన్నీ వెనక నుంచే. గల్లా పక్కన కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టాలని తొట్టిని కూడా వెనక్కి పంపాడు. అట్లా ముందర పనికిరానివాళ్లం అందరం ఒక గదిలో చేరాం. ముందర నుంచి మాటలు, నవ్వులు, గ్లాసుల చప్పుడు వినబడేవి. నా పక్క గ్రైండరు ఒక్కటే మాట్లాడేది. మధ్యాహ్నం అది కూడా ఆగిపోయేది. అప్పుడు తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేదాన్ని. నేను కూర్చోగానే బుగ్గోడు గాజు దగ్గరికి వచ్చి నోరు తెరుస్తాడు, మూస్తాడు, ఒక్క మాట బయటికి రాదు. (మా ఇంటాయన కూడా సుమారుగా అంతే.) పప్పు ధర పెరిగిందని, నడుము నొప్పి అని, ఏదో ఒకటి చెప్పేదాన్ని. వినేవాడు. ఆ రోజుల్లో నన్ను చూసి దగ్గరికి వచ్చే ప్రాణి అదొక్కటే.

చలి మొదలైన రోజుల్లో మా మరిది ఒక కవరులో నల్ల చేపను తెచ్చాడు. "నల్ల చేప ఉంటె దిష్టంత దాని మీదికే పోతదంట వదినా, గిరాకి పెరుగుతదంట" అంటూ కవరు విప్పి నీళ్లతో సహా తొట్టిలో గుమ్మరించాడు. కొద్ది రోజులకు ఒక పొద్దున చూస్తే బుగ్గోడి ఒంటి మీద, రెక్కల మీద తెల్లటి చుక్కలు. అచ్చం ఉప్మా రవ్వ చల్లినట్టు. రవ్వ వేయించేటప్పుడు చిందిందేమోనని కడిగిన గరిటతో వాడిని పైకి తీసి చూశాను. రాలదు. మర్నాటికి చుక్కలు ఇంకా ఎక్కువయ్యాయి. వాడు అడుగున ఉన్న గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాడు, దురద పుట్టిన పిల్లాడిలా. మేత వేస్తే రాలేదు. ఎవరికి చెప్పాలి? మా మరిది కాక నా గదిలోకి అడుగు పెట్టేది అప్పట్లో పక్కింటి రేడియో అవ్వ ఒక్కతే. (వీధిలో ఏ వార్తయినా ఆమె నోట మొదట పలికేది కాబట్టి ఆ పేరు.) ఆమె కూడా నాలాగే మొగుడు లేనిది, అందుకని ఆమెకు నావల్ల కొత్తగా జరిగే కీడేమీ మిగల్లేదు. అవ్వ వచ్చి గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

"గివి ముత్యాలే బిడ్డా. తల్లి పోసింది."

"చేపకు అమ్మోరు పోస్తదా అవ్వా?"

"తల్లికి మనిషి, చేప అని ఉంటదా? పానమున్న కాడికి వస్తది. పోస్తదా పొయ్యదా అని నోటితోని అనకు. చెంపలేసుకో."

చెంపలేసుకున్నాను.

"ఇగ ఇను. ఇంట్ల పోపు పెట్టద్దు. నూనె కాగద్దు. దర్వాజకు యాపమండ కట్టు. నీళ్లల్ల యాపాకు, పసుపు ఎయ్యి. గాలి తగల్నియ్యకు. దాన్ని బుగ్గోడు గిగ్గోడు అనకు, తల్లీ అను."

అవ్వ చెప్పినట్టే చేశాను. ఒక్కదాన్నే ఉండి ఉండి విసిగినవాళ్లకు ఎవరైనా వచ్చి ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని చెప్తే ఎంత బాగుంటుందో మీకు తెలియదు. పసుపు కలిపాను, గుప్పెడు వేపాకు వేశాను, తొట్టి చుట్టూ మా ఇంటాయన గొంగడి చుట్టాను. వెనక వీధిలోకి తెరుచుకునే తలుపుకు వేపమండ కట్టాను. "తల్లీ, చల్లగ చూడు తల్లీ" అని బుగ్గోడికి దండం పెట్టాను. వాడు నోరు తెరిచాడు, మూశాడు. అంతా అయ్యాక పొయ్యి దగ్గరికి వెళ్లి పోపు గిన్నెను కడిగి బోర్లించాను.

అసలు తంటా అక్కడ మొదలైంది. టిఫిన్ హోటల్లో పోపు లేకపోతే, నూనె కాగకపోతే మిగిలేదేమిటి? పూరీ బందు. వడ బందు. దోసె బందు. ఇడ్లీ, దానిపై పోపు లేని చట్నీ. మా మరిది నెత్తి పట్టుకున్నాడు. "చేపకు జరమొస్తె డ్రైవర్లకు పథ్యం పెడ్తవా వదినా?" తల్లి పేరు ఎత్తితే వాడికీ భయమే, అందుకని గట్టిగా ఏమీ అనలేడు. ముందర నుంచి ఒక డ్రైవరు గొంతు నాకు స్పష్టంగా వినబడింది: "ఏం తమ్మీ, గిది హోటలా దవాఖానా? నిన్న ఇడ్లీ, ఇయ్యాల ఇడ్లీ. రేపు గ్లూకోజ్ ఎక్కిస్తవా?"

రెండో రోజు మధ్యాహ్నం ఇంకో విచిత్రం జరిగింది. దినాలయ్యాక మా తలుపు ముందు నుంచి పోవడానికే జంకిన ఆడవాళ్లు ఒక్కొక్కరే రాసాగారు. తలుపుకు వేపమండ కనబడితే తల్లి వచ్చిన ఇల్లని అర్థం. ఆ ఇంటికి చల్లటిది ఏదైనా పట్టుకుపోవాలి. ఒకామె కొబ్బరికాయ పెట్టింది, ఒకామె పెరుగన్నం. పాలు పోసే పాల వదినె చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. అందరూ గడప బయటే నిలబడ్డారు. లోపల గొంగడి చుట్టి ఏదో కనబడుతోంది గాని, తల్లి పోసిన మనిషిని తొంగి చూడగూడదు కదా. చివరికి పాల వదినె ఉండబట్టలేకపోయింది.

"ఏమమ్మా, ఎవలికి పోసింది? నీకేనా?"

"నాకు గాదు వదినె."

"మరి నీ ఇంట్ల ఇంకెవలున్నరే?"

అడగాలని అడిగింది కాదు, నోరు జారింది. అని నాలుక కరుచుకుంది. ఇంకెవరూ లేరని అనే బదులు నేను లోపలికి వెళ్లి గొంగడి పక్కకు తీశాను. పసుపు నీళ్లలో, వేపాకుల మధ్య, బుగ్గోడు పక్కకు ఒరిగి ఆయాసపడుతున్నాడు. ఆ పొద్దునే చిన్న ఎర్రది ఒకటి తేలిపోయింది. దాన్ని తీసి మందారం మొక్క మొదట్లో పెట్టి వచ్చాను. ఆడవాళ్లు చూశారు.

"చేపకానే?" అంది పాల వదినె. "బర్రె పాలు తోడేసి, చిలికి, ఎండల నడిచొచ్చిన. చేపకా?"

"తాగనియ్ వదినె, దానికీ సలవే" అంది వెనక నుంచి ఎవరో.

ఒకామె కిసుక్కున నవ్వింది. ఇంకొకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత ఎవరిదో పెద్ద నవ్వు వినబడింది, వినబడ్డాక తెలిసింది అది నాదేనని. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన పోయిన తర్వాత నా గొంతు నుంచి ఆ చప్పుడు రావడం అదే మొదలు. "నవ్వకుండ్రే, తల్లి ఇంట్ల ఉంది!" అని రేడియో అవ్వ కసిరింది. నవ్వు ఆగాక పాల వదినె లోపలికి వచ్చి తొట్టి ముందు వంగింది. గడప దాటి వచ్చింది. "పానం పోయేటట్టుందే పిల్లా. పాలమూరుల రంగు చేపలమ్మే భాయి ఉన్నడు. పట్టుకపోయి సూపియ్. మజ్జిగతోని అయ్యే పని గాదు" అంది.

నేను పోతానంటే మా మరిది మొదట ఒప్పుకోలేదు. "ఏడాది తిరగలేదు. చేప కోసం బస్సెక్కుతవా? నలుగురేమంటరు?"

"అనేదంత అన్నరు. మజ్జిగ గూడ పోసిపోయిన్రు."

వాడు ఖాళీ బల్లల వైపు చూశాడు, బోర్లించిన పోపు గిన్నె వైపు చూశాడు. "పోయిరా వదినా" అన్నాడు. "బుగ్గోని సంగతి తేల్చుకోని రా."

చేపను ఎట్లా పట్టుకుపోవాలి? హోటలువాళ్లకు తెలిసింది ఒకటే పద్ధతి. సాంబారు పార్సిలు కట్టే కవరులో తొట్టి నీళ్లు పోసి, వాడిని దించి, గాలి ఊది, దారంతో గిరగిర చుట్టి ముడి వేశాను. లీకు కాకుండా కట్టడంలో నా చెయ్యి తిరుగులేనిది. కాకపోతే నీళ్లు పసుపువి. అందులో రెండు మూడు ఆకులు, మధ్యలో క్యారెట్టు రంగుది ఒకటి. బస్సులో కండక్టరు చూసీ చూడగానే, "అమ్మా, సాంబారు కారితె సీటు ఖరాబైతది, జర పైకి పట్టుకో" అన్నాడు.

"సాంబారు గాదు" అన్నాను.

పక్కన కూర్చున్నామె కవరు వైపు వంగింది. "ములక్కాడ ఏసినవా?"

"లే."

"మరి గా కదిలేదేంది?"

ఆ కదిలేది ఆమె వైపు తిరిగి నోరు తెరిచింది. ఆమె లేచి ముందు సీటుకు వెళ్లిపోయింది. సీటంతా మాకే మిగిలింది. బస్సు హైవే ఎక్కింది. మా ఇంటాయన దాటలేకపోయిన చోటును అది రెప్పపాటులో దాటేసింది. నేను బయటికి చూడలేదు. కవరును ఒళ్లో పెట్టుకుని, "జర ఓర్సుకో, జర ఓర్సుకో" అంటూ కూర్చున్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

భాయి నెరిసిన గడ్డమాయన. కవరు ముడి విప్పి వాసన చూశాడు. "అరె అమ్మా, పసుపేసినవ్, ఆకేసినవ్. ఇగ కారం, చింతపండు ఏస్తె పులుసు తయార్."

"తల్లి పోసింది భాయ్" అన్నాను చిన్నగా.

ఆయన నవ్వలేదు. "తల్లి గాదమ్మా, పురుగు. మేకల తోలును కరుసుకొని గోమార్లు ఉంటయ్ సూడు, గట్ల. కాకపోతే ఇది కంటికి కనబడదు, తోలు కింద దూరి రకతం తింటది. కొత్త చేపను తెచ్చి సక్కగ తొట్టిల ఏసిన్రా?"

"ఏసినం. దిష్టికి."

"గదే మరి. దానెంబడి వచ్చింది. కొత్తదాన్ని కొన్ని రోజులు వేరే నీళ్లల్ల ఉంచి, బాగున్నదంటెనే కలపాలె." ఆ పసుపు నీళ్లలోకి తన దగ్గరి మంచి నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ బుగ్గోడిని చూశాడు. బతుకుతాడా అని అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు.

"అబద్ధం చెప్పనమ్మా. మొప్పల దాకా పోయింది. చెయ్యాల్సింది చెయ్యి, ఆపైన వాని రాత. నీ తొట్టికి ఎన్ని బిందెల నీళ్లు పడ్తయ్?"

"నాలుగు."

"బిందెకు గుప్పెడు గల్లుప్పు. ఒక్కపారి గాదు, నీళ్లల్ల కరగబెట్టి పూట పూటకు కొంచెం కొంచెం పొయ్యి. గీ నీలి మందు నేను చెప్పినన్ని చుక్కలు. రోజు అడుగున ఉన్న నీళ్లు, చెత్త తీసి అన్ని మంచి నీళ్లు పొయ్యి. నీళ్లు ఎచ్చగ ఉండాలె, కాని మెల్లగ ఎచ్చజెయ్యాలె."

"గొంగడి చుట్టిన భాయ్."

"గదొక్కటి మంచిగ చేసినవ్. ఇంకో మాట యాదుంచుకో. చుక్కలు రాలంగనే మురిసి మందు ఆపకు. రాలినయన్ని సచ్చినట్టు గాదు. అడుగుకు పోయి రాళ్లల్ల పిల్లలను పెడ్తయ్, అవి మళ్ల పైకొస్తయ్. తోలు కింద ఉన్నప్పుడు మందు పనిచెయ్యది, నీళ్లల్ల తిరిగేటప్పుడే సస్తయ్. గందుకని ఓపిక పట్టాలె. తగ్గినట్టు కనబడ్డంక గూడ పట్టాలె."

ఇంటికి వచ్చి ఆయన చెప్పినట్టే చేశాను. కోళ్లఫారం నుంచి పిల్లలను వెచ్చబెట్టే బల్బు ఒకటి మా మరిది అడిగి తెచ్చి తొట్టి పైన వేలాడదీశాడు. రేడియో అవ్వకు మాత్రం నచ్చలేదు. "భాయికి మన తల్లి సంగతేం ఎర్క? రెండూ చెయ్యి." రెండూ చేశాను. తొట్టిలో ఉప్పు, తలుపుకు వేపమండ. పోపు గిన్నె బోర్లించే ఉంది. మా మరిది ఇక ఓర్వలేక ముందరి చాయ్ పొయ్యి మీద తనే పోపు పెట్టుకున్నాడు. ఆవాలు మాడిన వాసనకు వీధి కుక్కలు కూడా లేచి వెళ్లాయి. నీలి మందు నా వేళ్లకు అంటుకుని ఎంత తోమినా పోలేదు. "ఏమే, ఒక్కదానివే పోయి అన్ని ఏళ్లతోని ఓటేసొచ్చినవా?" అని పాల వదినె ఎగతాళి చేసేది. అవును, ఆమె వచ్చేది. మధ్యాహ్నాలు అందరూ వచ్చేవాళ్లు. ఒకరు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, ఒకరు బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, తొట్టి చుట్టూ కూర్చుని ముత్యాలు లెక్కపెట్టేవాళ్లు. మూడు నాలుగు రోజులకు చుక్కలు రాలాయి. అవ్వ తల్లిని సాగనంపుదామంది. నేను మందు ఆపలేదు. రెండు రోజులు తిరగకుండానే చుక్కలు మళ్లీ వచ్చాయి, ఇంకో చిన్న ఎర్రది కూడా పోయింది. ఆ రోజు తొట్టికి తల ఆనించి ఏడ్చాను. చేప కోసమే ఏడ్చానని అందరూ అనుకున్నారు. ఎవరూ ఓదార్చలేదు, పాల వదినె మాత్రం లేచి నా బదులు అడుగు నీళ్లు తీసింది.

ఆ మాడిన పోపు రోజుల్లోనే ఒక పొద్దున, గ్లూకోజ్ ఎక్కిస్తవా అన్న ఆ డ్రైవరే చెయ్యి కడుక్కుంటానని వెనక్కి వచ్చాడు. తలుపు దగ్గర నన్ను చూశాడు. నేను పక్కకు తప్పుకోబోయాను.

"మా మొకం చూస్తె నీకేమన్న కీడైతదా అమ్మా, ముందటికే వస్తలేవు?" అన్నాడు. "నీ చేతి పోపు తినక నోరు సచ్చిపోయింది."

తొట్టి వైపు చూశాను. బుగ్గోడు గాజు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఒంటి మీద ఒక్క చుక్క లేదు. భాయి మాట ప్రకారం ఇంకొన్నాళ్లు మందు పోశాను గాని, వాడు నా చేతి మేత తిన్నది ఆ పొద్దునే. ఆ రోజు అవ్వను ఒప్పించి వేపమండ విప్పాను, తల్లికి బెల్లం నీళ్లు ధారపోశాను, పోపు గిన్నె వెల్లకిలా తిప్పి పొయ్యి మీద పెట్టాను. చట్నీ గిన్నెను నేనే ముందరికి మోసుకెళ్లి వడ్డించాను. ఎవరి లారీ ఎక్కడా ఆగిపోలేదు. నల్ల చేపకు చివరిదాకా ఏమీ కాలేదు. దిష్టి ఎటు పోయిందో మరి.

కానీ ఒకటి ఉంది. తగ్గిన రోగిని చూడ్డానికి చుట్టాలెందుకు వస్తారు? బుగ్గోడు బాగయ్యాడు, మధ్యాహ్నాలు మళ్లీ నావే అయ్యాయి. ఎవరి పొలం వాళ్లది, ఎవరి బర్రె వాళ్లది. పాల వదినె పాలు పోసేటప్పుడు గడప లోపలికి వచ్చి చెంబు పెట్టి పోయేది, అంతే, అది కూడా తక్కువేం కాదు. గొంగడి ఉతికి ఆరేశాను. చేతులకు నీలం పోయింది. పీట వేసుకుని తొట్టి ముందు కూర్చుంటే వాడు వచ్చేవాడు, నోరు తెరిచేవాడు. ఆ తర్వాత కొన్నేళ్లు బతికాడు, చిన్న బొచ్చె చేపంత పెరిగాడు. ఇప్పుడు ఆ హోటలూ లేదు, వాడూ లేడు. అప్పుడప్పుడు ఆ పిల్ల కళ్ల ముందు కనబడుతుంది, సాంబారు కవరును ఒళ్లో పెట్టుకుని బస్సులో బిగుసుకుని కూర్చున్న పిల్ల. ఒక్క చేప బతికితే చాలు, లోకంలో తనకింకేమీ వద్దన్నట్టు. పిచ్చిది. ఇప్పుడు నా పక్క సీటులో ఆ పిల్ల కూర్చుంటే, నేనైతే లేచి వెళ్లిపోను.

ఇగ చాలు బిడ్డా, చెయ్యి నొస్తది నీకు. రాసినదాన్ని ఒకపారి సదివి ఇనిపియ్. మొదట్నించి వద్దు. బస్సెక్కిన కాడ్నించి సదువు.